తినేసి వచ్చిన ఎనభై మంది

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని సంగతి అంటూ ఒక్కటీ ఉండేది కాదు. ఆ రోజుల్లో ఎవరైనా ఏదైనా చెప్పబోతే, మాట సగంలో ఉండగానే "తెలుసు, తెలుసు" అనేసేదాన్ని. ఇప్పుడు నలభైకి దగ్గర పడుతున్నాను, నాకు తెలియనివి ఏడాదికి నాలుగైదు చొప్పున బయటపడుతూనే ఉన్నాయి. మీరూ ఆ వయసు దాటే వచ్చి ఉంటారు కదా, నన్ను మరీ కోప్పడరన్న ధైర్యంతో ఇది చెబుతున్నాను. (తెలుగు అక్షరాలు కూడా నేను ముప్పై దాటాకే నేర్చుకున్నాను. మా ఇళ్లలో తెలుగు పోట్లాడుకోవడానికీ ముద్దు చేయడానికీ. చదువుకీ, బస్సుకీ, బజారుకీ తమిళం. కాబట్టి ఎక్కడైనా తప్పు దొర్లితే సర్దుకుపోండి.)

మాది తమిళ సీమలో, ఎట్టయాపురం దగ్గర ఒక నల్లరేగడి ఊరు. వాన పడితే చెప్పు కాలిని వదిలేసి మట్టిని పట్టుకునే ఊరు. చదువయ్యాక విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లు ఆఫీసులో నాకు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం వచ్చింది. మా ఊళ్లో ఫ్యాను కింద కూర్చుని పనిచేసిన మొదటి ఆడపిల్లను నేనే, ఆ గాలి కాస్త ఎక్కువగానే తగిలింది. హాస్టల్లో ఉండి, ఆదివారం ఆదివారం కోవిల్‌పట్టిలో బస్సు మారి ఇంటికి వచ్చేదాన్ని, వచ్చినప్పుడల్లా నాతోపాటు ఒక కొత్త సంస్కరణ కూడా బస్సు దిగేది. ఒక వారం చెంచాలు, ఇంకో వారం మూతి తుడుచుకునే కాగితాలు. (ఆ కాగితాలు మా నాయన దాచుకుని ట్రాక్టరు ఇంజను తుడిచాడు.) మా అవ్వ, అంటే నాయన తల్లి, ఇదంతా చూసి నాకు దొరసాని అని పేరు పెట్టింది. నేను గడప తొక్కగానే "దొరసాని వచ్చిండాది, దోవ ఇడండి!" అని అరిచేది. నేను మూతి ముడుచుకున్నట్టు నటించేదాన్ని గానీ, లోపల ఆ పేరు నాకు బాగానే ఉండేది.

ఆ ఏడాదే మా మిల్లు యజమాని ఇంట్లో పెళ్లికి వెళ్లి జీవితంలో మొదటిసారి బఫే చూశాను. కింద దీపం వెలుగుతుండగా పైన మూతలున్న పొడుగాటి గిన్నెలు, పక్కన కొండలా పేర్చిన ప్లేట్లు, తెల్ల టోపీలు పెట్టుకున్న మనుషులు. ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుని, నిలబడి, నవ్వుతూ తింటున్నారు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ఎవరూ మీద పడి పోయడం లేదు, ఎవరి మోకాళ్లూ నొప్పి పుట్టడం లేదు. నాగరికత అంటే ఇదీ అనుకున్నాను. మా ఇంట్లో కార్యం ఎప్పుడొస్తుందా అని ఆ రోజు నుంచి కాచుకుని ఉన్నాను.

వచ్చింది. నాయన పాత పెంకుటిల్లు పక్కనే సిమెంటు ఇల్లు కట్టాడు, పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టారు. ఇక్కడ మా మామ గురించి చెప్పాలి. మామ అంటే మా అమ్మకి ఒక్కగానొక్క అన్న. అంతకు ఆరేళ్ల ముందు, మా అక్క పెళ్లి భోజనాల్లో ఆయన విస్తరిలో అప్పళం, అదే మీ అప్పడం, పడలేదు. వడ్డించేవాడి బుట్ట సరిగ్గా ఆయన దగ్గరికి వచ్చేసరికి ఖాళీ అయింది. "ఇదో, తెస్తా ఉండండి" అని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మామ సాంబారు అయ్యేదాకా చూశాడు, రసం అయ్యేదాకా చూశాడు, పాయసం, మజ్జిగ కూడా అయిపోయాయి. అప్పుడు విస్తరిని అవతలికి మడిచి లేచి వెళ్లిపోయాడు. మా వైపు కడుపునిండా తిన్నవాళ్లు విస్తరిని తమవైపుకి మడుస్తారు, చావింట్లో మాత్రమే అవతలికి మడుస్తారు. పెళ్లింట్లో అలా మడిచాడంటే ఇంక ఆ గడప తొక్కనని. ఆరేళ్లూ తొక్కలేదు. అమ్మ పండగలకి పిండివంటలు పంపితే గిన్నెలు ఖాళీగా తిరిగొచ్చేవి గానీ మనిషి రాలేదు. కొత్తింటికి పిలవడానికి అమ్మ కోవిల్‌పట్టి వెళ్లి ఆయన గుమ్మంలో కూర్చుని ఏడిస్తే, "సూస్తాం లే" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని అమ్మ నెలరోజులు పండగ చేసుకుంది. "మా అన్న వచ్చి, ఈ ఇంట్లో ఒక ముద్ద తింటే సాలు. అట్ల కాకుంటే నాకు పుట్టిల్లు లేనట్టే" అని ఇల్లు తుడిచినప్పుడల్లా అనేది.

ఇంత సంగతి తెలిసి కూడా భోజనాల బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను చూడండి! అవ్వ మాత్రం కచ్చితంగా చెప్పింది. "సజ్జ సంగటి, కందిపప్పు పులుసు, వంకాయ కూర, మజ్జిగ. ఇంగేం కావాల?"

"సిమెంటు ఇంటికి సంగటేందవ్వా! ఆరోజు మా మేడమ్ కూడా వస్తుంది." మేడమ్ అంటే ఆఫీసులో నా పైఅధికారి, విరుదునగర్ తమిళావిడ.

"వస్తే? మీ మేడమ్‌కి నోరు లేదా?"

కోవిల్‌పట్టిలో నేను మాట్లాడుకున్న వంటాయన పంపిన ఫోటోలు ఫోన్లో చూపించాను. ఫ్రైడ్ రైసు, గోబీ మంచూరియన్, నూడుల్స్. అవ్వ ఫోను కళ్లకి ఆనించుకుని, "ఏందే ఇవి, వానపాములా?" అంది. నాయన ఎప్పుడూ ఆఖర్న మాట్లాడినవాళ్ల పక్షం, ఆఖర్న మాట్లాడకుండా నన్ను ఆపినవాళ్లు అప్పటికి మా ఇంట్లో లేరు. అవ్వ కొంగు దులుపుకుని లేచింది. "సరి, నీ ఇష్టం. నాకు మాత్రం ఒక కుండలో సంగటి గెలుక్కుంటా. అది కూడా కూడదా?" అంది. పెద్ద మనసుతో అనుమతి ఇచ్చాను.

ఆ రోజు తెల్లారగానే పాలు పొంగాయి. గేటుకి అటొకటి ఇటొకటి గెలలతో సహా రెండు నిలువెత్తు అరటిచెట్లు కట్టారు. పందిరి కింద నా బఫే వెలిసింది. నేనే స్వయంగా అట్ట మీద తమిళంలో రాసి వేలాడదీశాను: "దయచేసి మీకు కావలసినది మీరే వడ్డించుకోండి." అమ్మనీ నాయననీ పిలిచి పాఠం కూడా చెప్పాను. "ఎవరినీ పట్టుకుని లాగొద్దు, తినండి తినండి అని ప్రాణం తీయొద్దు. అది మర్యాద కాదు. కావలసినవాళ్లు వాళ్లే లేచి తింటారు." నాయన పాపం బుద్ధిగా చేతులు కట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయాడు.

చుట్టాలు వచ్చారు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చారు, ఎనభై మంది దాకా. పది గంటలకి మామ కూడా వచ్చాడు! ఇత్తడి బిందె, బియ్యం మూట, పళ్ల పళ్లెం, కొత్త పంచె, చీర, అన్నీ సారెగా పట్టించుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ ముఖం చూడాలి అప్పుడు. నవ్వుతూ ఏడుస్తూ, చేతిలో ఉన్న చెంబు ఎక్కడ పెట్టాలో తెలియక మూడుసార్లు ఇల్లంతా తిరిగింది.

పన్నెండయింది. గిన్నెల మూతలు తీశారు. ఎవరూ లేవలేదు. నేను నవ్వుముఖంతో మొదటి వరసలో ఉన్న తాత దగ్గరికి వెళ్లి, "తినండి తాతా" అన్నాను. ఆయన నాకంటే వెడల్పుగా నవ్వి, "ఇప్పుడే తినేసి వస్తిని అమ్మిణీ" అన్నాడు. అయ్యో, తినేసి వచ్చారా, సరే అని పక్కావిడని అడిగాను. ఆవిడా తినేసి వచ్చింది. ఆ పక్కాయనా తినేసి వచ్చాడు. ఒక్కొక్కరినీ ఒక్కొక్కసారి ఎంతో మర్యాదగా అడుగుతూ పందిరి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లాను. అందరూ తినేసే వచ్చారు! ఎనిమిది మైళ్లు నడిచి వచ్చిన ముసలమ్మ కూడా కడుపు నిమురుకుంటూ "నిండా తింటిని తల్లీ" అంది. నేను నమ్మాను. అక్షరం అక్షరం నమ్మాను. నమ్మి, వంటాయన దగ్గరికి వెళ్లి, "మీరు కాస్త ఎక్కువ చేసినట్టున్నారు, మావాళ్లంతా భోంచేసి వచ్చారు" అని నింద కూడా ఆయన మీదే వేశాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు.

ఒంటిగంట అయింది. మంచూరియన్ పొగలు కక్కుతోంది, ఎనభై మంది దానివైపు చూడకుండా ఉండడానికి నానా అవస్థ పడుతున్నారు. ఒకరు పందిరి గుంజలు లెక్కపెడుతున్నారు, ఒకరు సిమెంటు గోడ తట్టి చూస్తున్నారు. అప్పుడు మా మేడమ్ కారు దిగింది. హమ్మయ్య, ఈవిడైనా దారి చూపిస్తుంది అనుకున్నాను. మేడమ్ చకచకా వెళ్లి ప్లేటు తీసుకుంది, ఫ్రైడ్ రైసు గరిటె ఎత్తింది. నూట అరవై కళ్లు ఆ గరిటె మీద. మేడమ్ ఒకసారి చుట్టూ చూసి, గరిటె మెల్లగా గిన్నెలోకే వంచి, ప్లేటు తీసిన చోటే పెట్టేసి, తమిళంలో నాతో అంది: "నేను కూడా తినేసే వచ్చానమ్మా."

అంతలో మామ లేచాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, నాయనతో "సరి, వస్తాం" అన్నాడు. నాయన నావైపు చూశాడు (లాగొద్దన్నాను కదా). అమ్మ వసారా స్తంభం పట్టుకుని నిలబడింది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. నాకు ఏం జరుగుతోందో తెలియలేదు గానీ, ఏదో చాలా పెద్ద తప్పు నా చేతుల మీదుగా జరిగిపోతోందని మాత్రం తెలిసింది.

"ఏమప్పా, యాడికి పోతావు?" అని అవ్వ గొంతు వినిపించింది. పాతింటి గుమ్మంలోంచి చేతికి అంటిన సంగటి కడుక్కోకుండానే వచ్చి మామ మణికట్టు పట్టుకుంది.

"వస్తానత్తా. అందురూ తినేసినట్టుండాది."

"ఎవురు తినింది? నీకు నేను పెట్టినానా? నీ సెల్లెలు పెట్టిండాదా? కుచ్చో!" అని ఆయన్ని కుర్చీలో కుదేసి, నన్ను చెవి పట్టుకుని పక్కకి లాక్కెళ్లింది. (ఎనభై మంది ముందు, మేడమ్ ముందు.) "ఒకతూరి అడిగి ఇడిసిపెడితే ఎవురు లేస్తారే? మూడుతూర్లు పిలవాల, మూడోతూరి సెయ్యి పట్టుకుని లాగాల. ఇది కూడా తెలీదా నీ సదువుకి?"

"వాళ్లే పెట్టుకుంటారనుకున్నానవ్వా. విరుదునగర్‌లో అందరూ..."

అవ్వ కోపం అక్కడ ఆగింది. గొంతు తగ్గించింది. "సూడు అమ్మిణీ. నా సిన్నప్పుడు కరువొచ్చె. ఊరు ఊరంతా గిన్నెలు పట్టుకుని కంజి పోసేకాడ వరసలో నిలబడితిమి. పొద్దున నిలబడితే మద్దేన్నానికి ఒక గరిటె. ఆ వరసలో నా ముందర నిలబడినోళ్లూ ఎనక నిలబడినోళ్లూ అదో, ఆ పందిట్లో కూచోని ఉండారు. వాళ్ల సేతికి మళ్లా గిన్నె ఇచ్చి వరసలో నిలబడమంటావా? పాలు పొంగినింట్లో?"

నేను పందిరివైపు చూశాను. నడిచి వచ్చిన ఆ ముసలమ్మ ఇంకా కడుపు నిమురుకుంటూనే ఉంది. సిగ్గుతో నా ముఖం మండిపోయింది. అంతవరకు తెలుసు తెలుసు అన్న నోటితోనే "ఇప్పుడేం చెయ్యాలవ్వా?" అని అడిగాను. అవ్వని నేను అలా అడగడం బహుశా అదే మొదటిసారి.

"ఏముండాది, ఆకులెయ్యి."

ఆకులెక్కడివి? నేను తెప్పించినవి ప్లేట్లు. అవ్వ గేటువైపు చూసింది. నాయన అవ్వ చూపు ఎక్కడ ఆగిందో గమనించి, "అమ్మా, వొద్దమ్మా, మంగళానికి కట్టినవి..." అనేలోపే వంటాయన కత్తి అవ్వ చేతిలో ఉంది. పది నిమిషాల్లో గేటు దగ్గర రెండు అరటిచెట్లు బోడిగుండ్లతో నిలబడ్డాయి. ఆకులు నాలుగేసి ముక్కలు చేశారు, చాపలు పరిచారు. అవ్వ పందిట్లో నిలబడి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంది. "తింటిని" అన్నవాళ్లని "తింటే తింటివి, మళ్లా తిను" అని లాగింది. ఎంత తేలిగ్గా లేచారనుకున్నారు! ఆ ముసలమ్మ అయితే అవ్వ చెయ్యి తగిలీ తగలకముందే చాప మీద ఉంది.

అవ్వ తనకోసం అని గెలుక్కున్న "ఒక కుండ" ఏమిటో అప్పుడు బయటపడింది. అది అమ్మవారి పొంగలికి వాడే పెద్ద అండా. నిండా సంగటి. పక్కన పులుసు ఇంకో అండా. "నువ్వొక్కదానివే తింటానన్నావు కదవ్వా?" అంటే, "నాకు ఆకలి జాస్తి" అంది. వంటాయన కూడా మంచివాడు. టోపీ, చేతి తొడుగులు తీసేసి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మంచూరియన్‌ని బకెట్లో పోసుకుని "మంచూరియన్, మంచూరియన్" అంటూ సాంబారులా వడ్డించుకుంటూ పోయాడు. మొదటి వరసలో తాత దాన్ని సంగటికి నంజుకుని, "ఇది బాగుండాదే, మన వంకాయకి మేనల్లుడు మాదిరి" అన్నాడు. మేడమ్ పట్టుచీర ఎత్తి కట్టుకుని, చాప మీద మూడు ప్రయత్నాల్లో కూర్చుని, రెండుసార్లు సంగటి వేయించుకుంది. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ ఇంట్లో తిన్నదేనట, ఇన్నేళ్లకి మళ్లీ ఎవరూ పెట్టలేదట.

మామ ముందు ఆకు వేసింది మాత్రం నేను. అవ్వ నన్నే వెయ్యమంది. వంకరగా, కొస కుడివైపుకి వచ్చేలా వేశాను. మామ కొసని ఎడమకి తిప్పుకున్నాడు. నీళ్లు చల్లబోయి ఒళ్లో పోశాను. తుడుచుకున్నాడు. ఉప్పు తెచ్చి కనిపించిన చోట పెట్టాను.

"ఉప్పు ఎడంపక్క" అన్నాడు మామ. ఆరేళ్ల తరువాత మా ఇంట్లో ఆయన మనసు విప్పి మాట్లాడిన మొదటి మాట అదే. వెనకాల అమ్మ వెక్కిన చప్పుడు వినిపించింది.

సంగటి పెట్టాను, గుంట చేసి పులుసు పోశాను, కూర పెట్టాను. మామ ముద్ద కలపలేదు. చెయ్యి ఆకు అంచున పెట్టి అలా కూర్చున్నాడు. అప్పుడు తట్టింది నాకు. అప్పళం! కోవిల్‌పట్టి వంటాయన జాబితాలో సూపు ఉంది, ఐస్‌క్రీమ్ ఉంది, అప్పళం లేదు. వంటింట్లోకి పరిగెత్తాను. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని, పోయిన వేసవిలో డాబా మీద ఎండబెట్టిన సజ్జ వడియాలు, అంబలిలో జీలకర్ర వేసి గుడ్డ మీద పెట్టినవి, నూనెలో వేస్తోంది. ఒక్కొక్కటీ అరచేయంత పొంగుతోంది. "మొదటి వాయి మీ మామకి" అంది తల ఎత్తకుండా.

బుట్ట నిండా తీసుకుని వెళ్లాను. ఒకటి వేశాను, రెండు వేశాను, మూడోది కూడా వేశాను. మామ వాటిని చూసి, "ఇది అప్పళం కాదే" అన్నాడు. వరసంతా నములుడు ఆపింది.

"కాదు మామా. మా అవ్వ పెట్టిన సజ్జ వడియం. ఆరేళ్ల కిందట వెయ్యాల్సింది. ఇప్పుడు తెచ్చినాను. బుట్ట ఇక్కడే పెట్టుకుని నిలబడతాను, మీరు లేచేదాకా కదలను."

మామ నన్ను తేరిపార చూశాడు. తరువాత ఒక వడియం తీసి కొరికాడు. ఆ కరకర పందిరి ఆ చివరికి కూడా వినిపించి ఉంటుంది. ముద్ద కలిపాడు. తిన్నాడు. మళ్లీ సంగటి అడిగాడు, మజ్జిగ పోయించుకున్నాడు, నేను బుట్టతో నిలబడే ఉన్నాను. ఆఖర్న వేలితో ఆకు తుడిచి, దాన్ని తనవైపుకి మడిచాడు. అమ్మ వచ్చి, తుండుగుడ్డ ఇవ్వడానికి వచ్చినట్టే వచ్చి, ఆ మడిచిన ఆకు పక్కనే కూలబడి బావురుమంది. "ఏమిటికే ఏడుస్తావు, నీ కూతురు ఉప్పు కూడా సరిగా పెట్టకపాయె, ఏడవాల్సింది నేను" అన్నాడు మామ.

ఇది జరిగి పద్నాలుగేళ్లు దాటింది. అవ్వ లేదు. మామ ఉన్నాడు, కోవిల్‌పట్టి నుంచి నెలకోసారి వచ్చి, తినేసే వచ్చానని చెప్పి, వడియాలతో సహా తిని వెళతాడు. ఆ వడియాలు పెట్టడం ఇప్పుడు నా పని. విరుదునగర్‌లో మా ఆఫీసు విందుల్లో ఇప్పటికీ బఫేనే, నేనేమీ వద్దనను. కాకపోతే మూల కుర్చీలో మొహమాటంగా కూర్చున్నవాళ్లు ఎవరో వెతికి, ప్లేటు నింపి తీసుకెళ్లి ఇస్తుంటాను.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఇల్లు మారింది. పాలు పొంగించిన రోజు వెళ్లలేకపోయానని, తరువాత ఒక ఆదివారం పళ్లు పట్టుకుని మధ్యాహ్నం వేళకి వెళ్లాను. వయసు ఇరవై రెండో ఇరవై మూడో, ఏది చెప్పినా "తెలుసక్కా" అంటుంది. లోపల్నుంచి తాలింపు వాసన కమ్మగా వస్తోంది. "తింటారా అక్కా?" అంది. నా నోటికి ఏమొచ్చిందో తెలుసా? "ఇప్పుడే తినేసి వచ్చానమ్మా." నిజానికి పొద్దున్నించీ కాఫీ తప్ప ఏమీ లేదు. "ఓ, సరే అక్కా" అంది ఆ పిల్ల, అక్షరం అక్షరం నమ్మేసి. నాకు ఎంత నవ్వొచ్చిందంటే, పళ్లు బల్ల మీద పెట్టే నెపంతో ముఖం తిప్పుకోవలసి వచ్చింది. నా ఎదురుగా ఇరవై రెండేళ్ల దొరసాని నిలబడి ఉంది, చేతిలో అట్ట ఒక్కటే తక్కువ.

కాసేపు కూర్చుని లేచాను. గుమ్మం దాకా వచ్చింది. "నిజంగా తిన్నారా అక్కా?" అని రెండోసారి అడిగింది. "తిన్నానమ్మా" అని, చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగి, కావలసినదానికంటే చాలాసేపు వంగే ఉన్నాను. మూడోసారి ఆ పిల్ల ఏమీ అడగలేదు. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, గబుక్కున చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. నేను మర్యాదకోసం కాస్త గింజుకుని, చెప్పులు విడిచాను.